కారిన రంగు

ఆ శనివారం నా చేతిలో థిన్నర్‌లో తడిపిన గుడ్డ ఉంది. ఎదురుగా స్టాండ్ మీద, ముందురోజే రంగు వేసిన ఇంజిన్. బ్లాకుకి వేసిన నారింజ రంగు పక్కనున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదికి కూడా తుంపర్లు తుంపర్లుగా పడి ఉంది. సాయం చేద్దామని తుడవబోయాను. మా పక్కింటి పెద్దాయన గరాజ్ అటు చివర నుంచి అరిచాడు: "ఆగాగు! అది అలా పడేలా చెయ్యడానికి నాకు రెండు గంటలు పట్టింది."

మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ అనేకమందిలో నేనొకణ్ణి. డెట్రాయిట్ శివార్లలో ఉంటాను. పెద్దాయన రిటైరయ్యాక నాలుగేళ్లుగా ఒక 1966 కార్వెట్‌ని విప్పి మళ్లీ బిగిస్తున్నాడు. 327 క్యూబిక్ అంగుళాల వి-8 ఇంజిన్. వారాంతాల్లో వెళ్లి స్పానర్లు అందించడం నా పని. నాకు కథలు చదివి వాటి మీద ఏదో ఒకటి రాసే అలవాటుంటే, ఆయనకి ఇది. అంతే తేడా అనుకునేవాణ్ణి.

ఆ రోజు పని ఆపి, స్టూలు లాక్కుని చెప్పాడు. కార్వెట్లు అప్పట్లో సెయింట్ లూయిస్‌లో తయారయ్యేవి. కానీ ఈ ఇంజిన్లు మిషిగన్‌లోని ఫ్లింట్‌లో బిగించి, అక్కడే రంగు కొట్టి పంపేవాళ్లు. (ఫ్లింట్ అంటే నాకు తాగునీళ్ల వార్తలే గుర్తొస్తాయి.) విడిభాగాలకి విడిగా రంగు వేసి బిగించడం కాదు. ఇంజిన్ చాలావరకు బిగించాక, లైన్ మీద కదులుతుండగా గన్‌తో కొట్టేవారు. అప్పటికి ఏది బిగించి ఉంటే దానికి రంగు. వాటర్ పంపుకీ రంగే, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కీ రంగే, దాన్ని పట్టుకున్న బోల్టుల తలలకీ రంగే. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పోత ఇనుము, దానికి రంగు అక్కర్లేదు. కానీ అదీ అక్కడే ఉంది కాబట్టి దాని అంచుల మీదా కొంత పడేది. బండి కొన్నాక కొన్ని మైళ్లు తిరిగితే ఆ వేడికి మాడి పోయేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు.

అంటే ఆ రంగు ఒక టైమ్‌స్టాంప్. నారింజలో ఉన్నది ఫ్లింట్‌లో ఎక్కింది. నల్లగానో, మెరిసే తెల్లగానో ఉన్నది ఆ తర్వాత సెయింట్ లూయిస్‌లో ఎక్కింది. మా భాషలో చెప్పాలంటే కమిట్ హిస్టరీ. ఈ లెక్కన ఒక బ్రాకెట్ బోల్టు తల నారింజ రంగులో కనిపించిందంటే, తర్వాతెవరో రిపేరు చేసి రంగు పులిమారని అనుమానించాలి. బోల్టులదీ పెద్ద శాస్త్రమే. కొన్నిటికి నల్లటి ఫాస్ఫేట్ పూత వేసి నూనె పట్టించాలి, కొన్నిటికి కాడ్మియం. కాడ్మియం విషం కాబట్టి చాలామంది జింక్‌తో సరిపెట్టుకుంటారు. అలవాటైన కళ్లు ఆ తేడా పట్టేస్తాయి. తల మీద ఉన్న అక్షరాలు కూడా చూస్తారు, ఏ కంపెనీ బోల్టో తెలియడానికి.

ఈ చూసేవాళ్లెవరంటే, నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ జడ్జీలు. 1974లో మొదలైన సంఘం. ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎలా ఉందో అలా ఉండాలి కారు, అదీ వాళ్ల కొలత. ఒరిజినాలిటీకి వేరే మార్కులు, కండిషన్‌కి వేరే మార్కులు. నూటికి 94 లేదా అంతకంటే ఎక్కువ వస్తే టాప్ ఫ్లైట్. ఫ్యాక్టరీ కంటే అందంగా చేస్తే మార్కులు పోతాయి! అద్దంలా మెరిసే ఇంజిన్ చూసి వాళ్లు పెదవి విరుస్తారట.

నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. "ఫ్లింట్‌లో ఆ మనిషి కావాలని రంగు ఒలకబొయ్యలేదు కదా. వెనక ఇంకో ఇంజిన్ వచ్చేస్తోంది, తొందరలో పడింది. మీరు రెండు గంటలు కూర్చుని తొందరని నటిస్తున్నారు. ఇది అబద్ధం కాదా?" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. ఒక ఫైలు తెచ్చాడు. విప్పకముందు తీసిన ఫొటోలు, వందల కొద్దీ. ఇన్‌టేక్ కింద, జిడ్డు గడ్డకట్టిన చోట, అరవయ్యారు నాటి నారింజ ఒక చుక్కలా కారి ఆగిపోయి ఉంది. దాన్ని మాత్రం ఆయన అసలు ముట్టుకోలేదు. "ఇది ఆ మనిషి చెయ్యి. దీన్ని వదిలేశాను. మానిఫోల్డ్ మీద మాడిపోయినదాన్ని, ముట్టని వేరే కార్లు చూసి, మళ్లీ వేశాను. ఆధారం దొరకని చోట ఊహించి వెయ్యలేదు." వీళ్లలో ఒక మాట ఉంది: ఏ కారైనా ఒరిజినల్‌గా ఉండేది ఒక్కసారే.

ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఎందుకంటే నేను ఒకదాన్ని తుడిచేశాను.

నాన్న ఒంగోలులో ఆర్టీసీ డిపోలో మెకానిక్. పోయాక ఆయన నోటుబుక్ ఒకటి బయటపడింది. దార్లో ఆగిపోయిన బస్సులు, డ్రైవర్ల కబుర్లు, వాళ్ల ఊరి సంగతులు. సంవత్సరీకానికి పుస్తకంగా వేసి పంచుదామని నేనే టైపు చేశాను. టైపు చేస్తూ 'బాగు' చేశాను. "బండి కాడికి వొచ్చి" అని ఉంటే "బండి దగ్గరికి వచ్చి". "రేడేటరు"ని రేడియేటర్. "మొకం"ని ముఖం. చివర్లో విసుగొచ్చి చిన్న పైథాన్ స్క్రిప్టు రాసి, మిగిలిన 'కాడ'లన్నీ ఒకేసారి 'దగ్గర'లు చేసేశాను. వంద కాపీలు వేయించాను. అందరూ మెచ్చుకున్నారు. అమ్మ మాత్రం చదివి, "బానే ఉందిరా. కానీ మీ నాన్న ఎప్పుడు మాట్లాడారు ఇలా?" అంది. అప్పుడు నవ్వేశాను.

తెల్లారి ఫోన్ చేశాను. "అమ్మా, నాన్న నోటుబుక్ ఉందా?"

"ఇల్లు ఖాళీ చేసినప్పుడు పాత కాగితాలతో పోయినట్టుందిరా. నువ్వు టైపు చేశావు కదా అని..." ఆ తర్వాత ఆమె ఇంకేదో చెప్పింది గానీ నాకు వినపడలేదు.

నా పాత ఫోన్‌లో 31 పేజీల ఫొటోలు దొరికాయి. టైపు చేయడానికి తీసుకున్నవి. మిగతా డెబ్బై పేజీలు నా తెలుగులోనే ఉన్నాయి. ఆయన ఎలా మాట్లాడేవారో నాకు తెలుసు. 'దగ్గర' ఉన్నచోటల్లా 'కాడ' పెట్టేయగలను. స్క్రిప్టు తిరగేసి నడిపితే ఒక్క నిమిషం పని. కానీ ఆయన కూడా ఒక్కోచోట 'దగ్గర' అనే రాసేవారు, ఆ 31 పేజీల్లోనే మూడుసార్లు ఉంది. ఏ చోట ఏది రాశారో ఇప్పుడెవరు చెప్తారు? ఊహించి పెడితే అది నాన్న తప్పు కాదు, నాన్నలా నేను చేసిన తప్పు.

అందుకని 31 పేజీలు అక్షరం మార్చకుండా మళ్లీ కొట్టాను. మిగతావి ఉన్నవున్నట్టే వదిలేసి, ఇక్కణ్నుంచి మాటలు కొడుకువి అని పైన ఒక వాక్యం రాశాను.

ఆ మిగతావాటిలో ఒకచోట మా నాయనమ్మ వంట గురించి ఉంటుంది. స్క్రిప్టు పుణ్యాన అక్కడ "తోటకూర దగ్గరల పులుసు" అని అచ్చయింది. అది కాడలని అందరికీ తెలుసు, అమ్మ ఫోన్‌లో చదివి పడీపడీ నవ్వింది. సరిచెయ్యడానికి కర్సర్ అక్కడిదాకా తీసుకెళ్లాను. తర్వాత అలాగే వదిలేశాను. అది నా చెయ్యి.