సవర్లకు అందని వాచీ

నెల్లూరు వైపు ఎవరింట్లో కొత్త నగ కనపడినా పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఎన్ని సవర్లు?" ఆ ఒక్క బంగారం లెక్క తెలిస్తే మిగతావన్నీ తెలిసినట్టే. ధర, తాకట్టు పెడితే వచ్చే అప్పు, పెళ్లిలో ఇచ్చే మర్యాద, అన్నీ తూకంలోంచే పుడతాయి. అమెరికా నుంచి వచ్చిన కొడుకు తండ్రి చేతికి స్విట్జర్లాండు వాచీ తొడిగిన రోజున మాత్రం ఈ లెక్క పనిచేయదు. ఏడెనిమిది లక్షల స్టీలు వాచీని కాటాలో వేసి పాతసామాన్ల ధర కడితే రెండు టీలకు సరిపోతుందేమో.

మరి దాని విలువ ఎక్కడుంది? సగం లోపలి యంత్రంలో ఉంది, సగం కాగితాల్లో ఉంది. బిల్లు, వారంటీ కార్డు, వాచీ మీద చెక్కిన సీరియల్ నంబరు, ఈ మూడూ లేకపోతే బీమా కంపెనీ దృష్టిలో అది ఏదో ఒక వాచీ, అంతే. పాత రోలెక్సుల్లో ఆ నంబరు పట్టీ విప్పితే గానీ కనపడదు. కొత్తవాటిలో అద్దం కింద లోపలి అంచు మీద ఉంటుంది. దాన్ని ఫొటో తీసి, బిల్లుతో కలిపి ఇంటి బయట ఇంకోచోట దాచాలి. బిల్లునూ వాచీనీ ఒకే పెట్టెలో పెట్టడం మన ఇళ్లల్లో అలవాటు. దొంగకు అంతకంటే సాయం ఇంకేముంటుంది?

2025 ఏప్రిల్ 22 నుంచి పది లక్షలు దాటిన చేతి వాచీ కొంటే దుకాణదారు ఒక శాతం పన్ను అక్కడికక్కడే వసూలు చేసి, కొన్నవారి పాన్ ఖాతాలో జమ చేయాలి. కొనేటప్పుడు చిరాకే. కానీ వాచీ పోయిన రోజున, ఫలానా తేదీన ఫలానా ధరకు కొన్నారని చెప్పడానికి అంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

ఉదాహరణకు కొడవలూరునే తీసుకోండి. నెల్లూరుకు ఉత్తరాన, పదహారో నంబరు జాతీయ రహదారి ఓరన, చెన్నై–విజయవాడ రైలు దారి మీద ఉంటుంది. చుట్టూ వరిపొలాలు. ఈ మాగాణి ఊళ్లలో పిల్లలు బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటే, తల్లిదండ్రులు మనవళ్ల కోసం ఆరు నెలలకని విమానమెక్కుతారు. ఇంటికి తాళం, తాళంచెవి పక్కింటి వాళ్లకు. వాచీకి అసలు గండం ఇక్కడే మొదలవుతుంది, అదీ దొంగ వల్లే కాదు, పాలసీలోని సన్నక్షరాల వల్ల కూడా. చాలా గృహ బీమా పాలసీల్లో ఇల్లు వరసగా ముప్పై రోజులకు మించి ఖాళీగా ఉంటే, ముందుగా కంపెనీకి చెప్పి ఒప్పించుకోకపోతే చోరీకి రక్షణ ఉండదు. ఆరు నెలల ప్రయాణంలో ఐదు నెలలు ప్రీమియం కట్టీ ప్రయోజనం లేనట్టే. ఊరెళ్లేముందు ఒక ఈమెయిలు పెట్టడం ఎంత పని? బట్టలు సర్దేటప్పుడు అదొక్కటే గుర్తుకు రాదు.

పోలీసులకు చెప్పే మార్గమూ ఉంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో పేరు నమోదు చేసుకుంటే, తాళం వేసిన ఇంట్లో కదలికను పసిగట్టే కెమెరా బిగిస్తారు. ఎవరైనా లోపలికి వస్తే కంట్రోల్ రూముకు సమాచారం వెళ్తుంది.

పక్కింటికిచ్చిన తాళంచెవి సంగతి వేరు. 2004లో సుప్రీంకోర్టు హర్‌చంద్ రాయ్ చందన్‌లాల్ కేసులో ఒక మాట తేల్చింది: దొంగతనానికి ముందు బలప్రయోగం ఉండాలని పాలసీలో రాసి ఉంటే, తలుపు పగలకుండా జరిగిన చోరీకి పరిహారం అడగడానికి లేదు. మన ఇళ్లల్లో విలువైన వస్తువులు గునపంతోనే పోవు. మారు తాళంతో పోతాయి, పెళ్లి హడావిడిలో తెరిచి ఉంచిన బీరువాలోంచి పోతాయి, "ఒకసారి చూసిస్తా" అని తీసుకెళ్లిన చేతుల్లోంచి పోతాయి. అందుకే పాలసీ తీసుకునే ముందు ఏజెంటును అడగాల్సింది ప్రీమియం ఎంతని కాదు, తాళం పగలకుండా పోతే ఇస్తారా అని.

2021 ఏప్రిల్ 1 నుంచి బీమా కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీ మంచిదే. కానీ అది ప్రధానంగా అగ్ని, తుపాను, వరద లాంటి వాటికి. అందులో దొంగతనం అంటే, ఆ ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనమే. నగలు, వెండి, చిత్రాలు లాంటి వాటికి విడిగా రక్షణ కోరాలి. వస్తువు లక్ష దాటినా, అన్నీ కలిపి ఐదు లక్షలు దాటినా విలువ ధ్రువపత్రం కావాలి. ఖరీదైన వాచీని ఆ వరసలో పేరు, నంబరుతో రాయించుకోవాలి. మామూలు చోరీకి, దారిలో పోవడానికి వేరే 'ఆల్ రిస్క్' రక్షణ చూసుకోవాలి. ఆ పాలసీల మినహాయింపుల్లో ఓ ముచ్చటైన వాక్యం ఉంటుంది: అతిగా కీ ఇవ్వడం వల్ల వాచీ చెడిపోతే కంపెనీ బాధ్యత లేదు. చేతి కదలికతో నడిచే ఆటోమేటిక్ వాచీలకు ఆ భయమే లేదు, అయినా ఆ వాక్యం అక్కడే ఉంది.

వరద మాట ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కొడవలూరుకు పక్క స్టేషనైన పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు నీట మునిగి రైళ్లు ఆగిపోయాయి. బీరువా అడుగు సొరుగు విలువైన వస్తువుకు చోటు కాదు. ఇనప్పెట్టె కొంటే గోడకో నేలకో బోల్టులతో బిగించాలి, లేకపోతే దొంగలు పెట్టెతో సహా మోసుకుపోతారు.

బ్యాంకు లాకరు ఉందిగా అంటారు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 2022 జనవరి 1 నుంచి బ్యాంకులో అగ్నిప్రమాదం, దోపిడీ, ఉద్యోగుల మోసం జరిగితే ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బాధ్యత బ్యాంకుది. అద్దె రెండు వేలైతే రెండు లక్షలు. వరద, భూకంపం లాంటి వాటికి అదీ లేదు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు, బీమా చేయదు.

వాచీ తెచ్చిన కొడుకు ఇల్లు మాత్రం భద్రమా? అమెరికాలో మామూలు గృహ బీమాలో నగలు, వాచీలు దొంగతనంలో పోతే సాధారణంగా వచ్చేది అన్నీ కలిపి 1,500 డాలర్లే. అంతకు మించితే వస్తువు వారీగా పేరు రాయించి అదనంగా కట్టాలి. 2011–2014 మధ్య టెక్సస్, మిషిగన్ సహా పలు రాష్ట్రాల్లో భారతీయ, ఆసియా కుటుంబాల ఇళ్లను ఏరి మరీ దోచిన ముఠా ఉంది. ఎవరి ఇళ్లకు వెళ్లాలో ముందే జాబితా రాసిచ్చిన దాని నాయకురాలికి తర్వాత 37 ఏళ్ల శిక్ష పడింది.

వాచీ పోయిందని తెలిసిన రోజే పోలీసు ఫిర్యాదు, అదే రోజు కంపెనీకి కబురు. ఎఫ్ఐఆర్ నకలు, బిల్లు, ఆచూకీ దొరకలేదని పోలీసులిచ్చే తుది నివేదిక ఉంటే సర్వేయరు పని నడుస్తుంది. లండన్‌లోని వాచ్ రిజిస్టర్ లాంటి చోట్ల సీరియల్ నంబరుతో నమోదు చేయిస్తే, దేశం దాటినా ఏదో వేలంలో పట్టుబడే అవకాశం ఉంది. పరిహారం చేతికొచ్చాక అలా దొరికితే మాత్రం ఆ వాచీ బీమా కంపెనీది. నాన్నకు ఆ వాచీయే కావాలంటే, పరిహారం వెనక్కి కట్టి దాన్ని తీసుకునే షరతును సంతకం పెట్టకముందే మాట్లాడుకోవాలి.