చెప్పకపోతే కంగారు పడదట!

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయికి దెయ్యాల సినిమాలంటే పిచ్చి. దాని పుణ్యమా అని ఈ సెలవుల్లో నేనూ పాత రక్తపిశాచి సినిమాలు వరసగా చూశాను, రెండు నవలలు కూడా చదివాను. తమాషా ఏమిటంటే, ఏ రెండు పిశాచాలూ ఒకలా ఉండవు.

1897లో బ్రామ్ స్టోకర్ రాసిన డ్రాకులా మొదట కనిపించేటప్పటికి తెల్లమీసాల ముసలాడు. అరచేతుల్లో వెంట్రుకలు! పగలు కూడా వీధుల్లో తిరుగుతాడు. ఎండ తగిలి చావడమనేది 1922 నాటి జర్మన్ మూకీ 'నోస్‌ఫెరాటు'లో వచ్చింది. అందులో వాడికి బోడిగుండు, ఎలుక పళ్ళు. 1931లో బేలా లుగోసి వాడిని సూటూబూటూ వేసిన దొరని చేశాడు. ఆ సినిమాలో కోరలు ఒక్కసారి కూడా కనిపించవు. 1958లో క్రిస్టఫర్ లీ వచ్చాక కోరలూ, ఎర్రటి నెత్తురూ రంగుల్లో చూపించారు. వీళ్ళందరికంటే ముందు, 1872లోనే లెఫాను రాసిన 'కార్మిల్లా'లో పిశాచం ఒక అందమైన ఆడపిల్ల. బండి బోల్తా పడిందని జాలిపడి ఇంట్లో ఉంచుకుంటారు.

మా అమ్మాయి ఎవరు బాగా భయపెట్టారా అని మార్కులు వేసుకుంటోంది. నా కళ్ళు మాత్రం ఆ ఇళ్ళలోని ఆడవాళ్ళ మీదే ఉన్నాయి.

'కార్మిల్లా'లో లారా రోజురోజుకీ నీరసించిపోతుంది. డాక్టరు సంగతంతా తండ్రిని పక్కకి పిలిచి చెప్తాడు. ఆ పిల్లకి మాత్రం ఇప్పుడేమీ చెప్పరు. 'నోస్‌ఫెరాటు'లో పిశాచాల పుస్తకం చదవొద్దని ఎలెన్‌కి మొగుడి ఆంక్ష. ఆవిడ చదువుతుంది. ఊరిని కాపాడే దారి అందులోనే దొరుకుతుంది. దానికి తన ప్రాణమే ఇస్తుంది. ఇక 1958 సినిమాలో మగవాళ్ళు రాత్రంతా ఇంటి చుట్టూ కాపలా కాస్తారు. శవపేటిక ఆ ఇంటి నేలమాళిగలోనే ఉంది! అమ్మగారు అక్కడికి వెళ్ళొద్దన్నారని పనమ్మాయి మాటవరసకి అంటే గానీ వాళ్ళకి వెలగదు.

అన్నిటికంటే నన్ను పట్టుకుంది స్టోకర్ నవలలోని మీనా. అందరి డైరీలూ, ఉత్తరాలూ టైపు చేసి తేదీల వారీగా పేర్చింది ఆవిడే. పనంతా అయ్యాక మగవాళ్ళు, పాపం ఆడమనిషి, తట్టుకోలేదని ఇకమీదట ఏమీ చెప్పకూడదనుకుంటారు. సరిగ్గా అప్పుడే డ్రాకులా ఆవిడ దగ్గరికి వస్తాడు. మొహం పాలిపోతే, అలసిపోయిందిలే అనుకుంటారు.

అక్కడ పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

మా నాన్నకి గుండెలో బ్లాకులున్నాయని తెలిసినప్పుడు అన్నయ్యా, మావారూ కలిసి నాకు చెప్పొద్దనుకున్నారు. అమ్మాయికి టెన్త్ పరీక్షలు, "అది కంగారు పడుతుంది" అని. మూడు వారాలు! ఫోన్లో నాన్న గొంతు సన్నబడితే, ఎండలకి నీరసం అన్నారు. ఆపరేషన్ అయ్యాక చెప్పారు. దేవుడి దయవల్ల నాన్న బాగానే ఉన్నారు. కానీ ఆపరేషన్ ముందురోజు రాత్రి నేను ఆయనతో మాట్లాడింది ఆవకాయకి మామిడికాయల ధర గురించి. ఆ ఒక్క రాత్రిని ఎవరు తెచ్చిస్తారు నాకు? ప్రేమతోనే చేశారు, తెలుసు. మీనా విషయంలో వాళ్ళదీ ప్రేమే.

నవలలో వాళ్ళు తర్వాత బుద్ధి తెచ్చుకుని, ఇక ఏదీ దాచం అంటారు. అప్పుడు డ్రాకులా ఏ నది మీదుగా పారిపోతున్నాడో ఆలోచించి తేల్చింది మీనాయే.

మావారికి ఈ కథంతా చెప్పాను. విని ఊరుకున్నారు. మొన్న తన షుగర్ రిపోర్టు కవరు విప్పకుండా తెచ్చి నా ముందు పెట్టారు. కంగారు పడ్డాను, నిజమే. పడుతూనే ఆ రాత్రి అన్నం బదులు జొన్నరొట్టెలు చేశాను.