తోక పట్టి పాడే పాటలు

జపాను రేవుపట్టణమైన కోబే నడిబొడ్డున సన్నొమియా అనే పేట ఉన్నది. చీకటి పడగానే ఆ సందులలో రంగుదీపాల పలకలు నిచ్చెనమెట్లలా ఒకదానిపై ఒకటి వెలుగుతాయి. కొన్ని భవనాలలో ప్రతి అంతస్తులోనూ చిన్న చిన్న గదులు, ప్రతి గదిలోనూ ఎవరో ఒకరు గొంతెత్తి పాడుతూ ఉంటారు. వీధిన పోయేవారికి మాత్రం ఏమీ వినిపించదు.

ఆ పాటల వేడుక పేరు కరాఒకె. 'కరా' అంటే శూన్యం. 'ఒకె' అనేది ఆర్కెస్ట్రా అనే మాటకు వారు చేసుకున్న కుదింపు. వాద్యగాళ్ళు లేని వాద్యబృందమన్నమాట. ఈ ఊరి మధుశాలలలో అతిథుల పాటకు వాద్యసహకారం అందిస్తూ జీవించిన ఇనోవే దైసుకే 1971లో, నాణెం వేస్తే వాద్యం మాత్రమే వినిపించే పెట్టెలను 11 తయారుచేయించి అద్దెకిచ్చాడు. అంతకుముందే 1967లో టోక్యోలో నెగిషి షిగెఇచి అటువంటి పెట్టెను రూపొందించాడు. ఇద్దరిలో ఎవరూ పేటెంటు తీసుకోలేదు. నలుగురు కలిసి తలుపు వేసుకుని పాడుకునే గదుల పద్ధతి 1980 దశకం మధ్యలో ఒకాయామా ప్రాంతాన, సరుకులు మోసే ఒక ఇనుప పెట్టెను గదిగా మార్చడంతో మొదలైందని చెబుతారు.

పాడడం కంటె పాటను ఎంచుకోవడమే కష్టం. పూర్వం ప్రతి గదిలోనూ టెలిఫోను డైరెక్టరీ అంత పాటల పుస్తకం ఉండేది. ఇప్పుడు దాని స్థానంలో వేలితో తాకితే పనిచేసే పలక వచ్చింది. ఆ పుస్తకపు వరుస చూస్తే తెలుగువారికి ఆశ్చర్యం కలుగుతుంది. ముందు అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. ఇంచుమించు మన ఓనమాలే! ఒకానొక కాలంలో బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం 'సిద్ధం' లిపిని అభ్యసించారు. ఆ చదువే జపాను అక్షరాలకు ఈ వరుసను ప్రసాదించింది. మన వర్ణమాల అంత దూరం ప్రయాణించి చివరకు పానశాలలోని పాటల పట్టికలో కూర్చున్నదన్నమాట.

ఇక ఆ గదులలో ఒక చిక్కు ఉన్నది. ఎవరి వయసు పాటలు వారివి. కుర్రవాళ్ళు పాడితే పెద్దలకు తెలియవు, పెద్దలు పాడుతుంటే కుర్రవాళ్ళు పలక చేతబట్టి తమ తరువాతి పాట వెతుక్కుంటూ ఉంటారు. మర్యాదకు చప్పట్లు కొట్టడం మాత్రం ఎవరూ మానరు.

దీనికి విరుగుడుగా కొందరు షిరితోరి ఆడతారు. 'షిరి' అంటే వెనుకభాగం, 'తోరి' అంటే అందుకోవడం. ఒకరు చెప్పిన మాట చివరి అక్షరంతో మరొకరు మాట చెప్పాలి. మన అంత్యాక్షరికి తోబుట్టువే. కరాఒకె గదిలో మాటకు బదులు పాట పేరు చెప్పి, ఆ పాటను పాడాలి. కఠినమైన నిబంధన ఒక్కటే: పేరు 'న్' అనే అక్షరంతో ముగిస్తే ఓడినట్లు. మన సున్న వంటిది ఆ అక్షరం. సున్నతో ఏ మాట మొదలవుతుంది గనుక?

మన పద్యాల అంత్యాక్షరిలోనూ ఇటువంటి జాగ్రత్తలుండేవి. వేమన పద్యాలు సాధారణంగా 'మ'తో ముగుస్తాయి కాబట్టి, తెలివైన పిల్లలు 'మ'తో మొదలయ్యే పద్యాలను ముందుగానే కూడబెట్టుకునేవారు.

సన్నొమియాలో ఒక సాయంత్రం ఈ ఆట చూసే అవకాశం కలిగింది. నాకు ఆతిథ్యమిచ్చిన ఇల్లాలు, ఆమె తల్లి, కాలేజీలో చదివే కూతురు ఆటగాళ్ళు. మొదట నేను ప్రేక్షకస్థానంలోనే ఉన్నాను. ఎప్పుడు వచ్చినా తాను చప్పట్లకే పరిమితమని పెద్దావిడ నవ్వుతూ చెప్పింది.

ఆవిడే ప్రారంభించింది: 'త్సుగరు కైక్యో ఫుయుగెషికి', త్సుగరు జలసంధి శీతకాల దృశ్యం. ఇషికవా సయురి 1977లో పాడినది. సముద్రగర్భ సొరంగం తెరుచుకోవడంతో 1988లో ఆగిపోయిన రైల్వే ఓడ ఆ పాటలో ఇంకా బయలుదేరుతూనే ఉన్నది. చివర 'కి'. కూతురు అదే ఏటి 'కితగుని నో హరు' అందుకున్నది, ఉత్తరదేశపు వసంతం. చివర 'రు'.

'రు'తో మొదలయ్యే జపాను మాటలు బహు తక్కువ. మనవరాలు పలక మీద వేళ్ళాడించి ఒక్క క్షణంలో వెలిగిపోయింది. 1989 నాటి మంత్రగత్తె పిల్ల కార్టూను చిత్రంలో వినిపించే పాట, అరాయ్ యుమి 1975లో పాడినది, 'రూజు'తో మొదలవుతుంది. అయితే ఆ పేరు చివర ఉన్న మాటకు 'సందేశం' అని అర్థం. మన సందేశంలాగే వారిదీ సున్నతోనే ముగుస్తుంది! అమ్మాయి ముఖం వాడిపోయింది.

పెద్దావిడ ముందుకు వంగి మెల్లగా అన్నది: "రుబీ నో యుబివా." కెంపు ఉంగరం, 1981లో తెరావో అకిరా పాడి ఆ ఏటి జపాన్ రికార్డు పురస్కారం అందుకున్న పాట. మనవరాలికి బాణీ సరిగా రాదు. తెర మీద సాహిత్యం ఆమె చదువుతుంటే అమ్మమ్మ పక్కనే కూనిరాగంతో దారి చూపింది. అందాక పలకవైపు ఎవరూ చూడలేదు.

చివరి 'వ'ను పెద్దావిడే పట్టుకున్నది: 1937 నాటి 'వకారె నో బురూసు', అంటే వీడ్కోలు బ్లూస్. అవయా నొరికో పాట. "మా అమ్మ వంటింట్లో పాడేది, నేను ఇంతవరకు ఎవరి ముందూ పాడలేదు" అన్నది. మనవరాలు ఆ పేరే వినలేదట. పాట అయిన తరువాత ఎవరు రాశారు, ఏ ఊరి రేవు అది, అని ప్రశ్నలు కురిపించింది. 'సు' అందుకుని ఇల్లాలు తనిమురా షింజీ 1980లో పాడిన 'సుబరు' పాడింది. సుబరు అంటే కృత్తికలు.

అనువాదం వృత్తిగా గలవారికి ఈ గొలుసు ఒక శిక్ష. కెంపుటుంగరం, వీడ్కోలు, కృత్తికలు అని తెలుగు చేస్తే లంకె పుటుక్కున తెగిపోతుంది. అర్థానికి ఇక్కడ పనిలేదు, తోకదే పెత్తనం.

సుబరు తోక మళ్ళీ 'రు'. మళ్ళీ మనవరాలి వంతు! ఈసారి ఆ అమ్మాయి ఎవరినీ అడగలేదు. లూపిన్ అనే దొంగ కార్టూను కథల పాట, 'రుపాన్ సన్సేయ్ నో తేమా' నొక్కేసింది. ఆ బాణీకి అమ్మమ్మ కూడా చేతులూపింది.

ఆపైన ముగ్గురూ నావైపు తిరిగారు. అక్షరం 'మ'. 'మ'తో నాకు ఇరవై పద్యాలైనా నోటికి వచ్చు, కాని ఆ పలకలో వాటికి చోటు లేదు. ఇంతలో గోడ మీది ఫోను మోగింది: ఇంకా పది నిమిషాలు ఉన్నదట. పెద్దావిడ లేచి వెళ్ళి, ఇంకొక గంట ఉంటామని చెప్పింది.