నాలుగు కనుమల చుట్టు

మరూన్ బెల్స్ జంట శిఖరాల ఫొటో లేని క్యాలెండర్ కొలరాడోలో దొరకడం కష్టం. ముందు సరస్సు, వెనక మెట్లు మెట్లుగా పేర్చినట్టున్న ఎర్రమట్టి రంగు కొండలు, నీళ్లలో వాటి నీడ. ఆస్పెన్ నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లలో చాలామంది ఆ ఒడ్డునే ఫొటో దిగి వెళ్లిపోతారు. ఆ కొండల వెనకవైపంతా చుట్టి, నాలుగు కనుమలు దాటించి, మళ్లీ అదే సరస్సు దగ్గర దింపే కాలిబాట ఒకటుంది. దాన్ని ఫోర్ పాస్ లూప్ అంటారు. దూరం 26 నుంచి 28 మైళ్లు, ఎవరి గడియారం లెక్క వాళ్లది. ఎక్కే ఎత్తంతా కలిపితే దాదాపు 8,000 అడుగులు.

మామూలుగా ఈ దారిని వీపున బరువు సంచులతో, రాత్రిళ్లు గుడారాల్లో పడుకుంటూ మూడు నాలుగు రోజులు నడుస్తారు. రాత్రి ఉండాలంటే పర్మిట్ కావాలి, తిండి దాచడానికి ఎలుగుబంటి తెరవలేని డబ్బా కావాలి. పరుగువాళ్లకు ఆ రెండూ అక్కర్లేదు, ఒక్క పగటిలో ముగించేస్తారు. మహా వేగస్తులు ఐదు గంటల లోపే చుట్టేసిన దాఖలాలున్నాయి. వదినకీ నాకూ తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా పడుతుందని ముందే అనుకున్నాం. ఇది 1964 చట్టం కింద వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన అడవి. లోపలికి సైకిలు కూడా రానివ్వరు, పోటీలు పెట్టనివ్వరు. కాబట్టి ఛాతీ మీద నంబరు ఉండదు, దారిలో మంచినీళ్ల బల్లలుండవు, చివర మెడల్ ఉండదు. సిటీ మారథాన్లలో మైకుల గోల భరించలేని నాకు ఇది పెద్ద సుఖం.

ఎత్తు సంగతి మనవాళ్లకు చెప్పాలంటే నేను అర్మకొండతో మొదలుపెడతాను. తూర్పు కనుమల్లో అంత పేరున్న ఆ కొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు, అంటే 5,500 అడుగులు. మేము కాపురం ఉంటున్న డెన్వరే 5,280 అడుగుల మీద ఉంది. మరూన్ సరస్సు ఒడ్డు, అంటే పరుగు మొదలయ్యే చోటు, 9,580 అడుగులు. నాలుగు కనుమలూ 12,400 పైమాటే. అక్కడ గాలి పీడనం సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో మూడింట రెండు వంతులు కూడా ఉండదు. ఊపిరి నిండా పీల్చినా లోపలికి వెళ్లే ఆక్సిజన్ అంతే. డెన్వర్‌లో ఏళ్ల తరబడి ఉండటం కొంత మేలు చేస్తుంది గానీ, మేలే తప్ప మినహాయింపు కాదు.

జూలై ఆఖరి వారం, నాలుగున్నరకి నెత్తిన లైట్లు పెట్టుకుని బయలుదేరాం. ఆ వేళకి ఎందుకంటే, వేసవిలో ఈ కొండల మీద మధ్యాహ్నం కాగానే మబ్బు పట్టి పిడుగులు పడతాయి. చెట్లు 11,500 అడుగుల దగ్గర ఆగిపోతాయి. ఆపైన పిడుగుకి అన్నిటికన్నా ఎత్తయిన వస్తువు మనమే. పన్నెండు లోపు పైనుంచి దిగిపోవాలన్నది ఇక్కడ అందరూ చెప్పే మాట. నాలుగు కనుమల దారిలో ఆ మాట నిలబెట్టుకోవడం మాలాంటివాళ్ల వల్ల కాదు. నాలుగోది ఎలాగూ మధ్యాహ్నానికే పడుతుంది. ఈ చుట్టులో అసలు చిక్కు అదే. ఏ కనుమ దగ్గర గడియారం ఎంత చూపించాలి, ఎక్కడిదాకా వెనక్కి తిరగవచ్చు అనే లెక్క కాళ్లకంటే ముందు నడవాలి.

క్రేటర్ లేక్ దాకా దారంతా రాళ్లే. కాలు ఎక్కడ పెడుతున్నామో చూడకుండా ఒక్క అడుగు పడదు. తెల్లవారుతుంటే రాళ్ల సందుల్లోంచి పైకాలు కీచుమన్నాయి. పైకా అంటే గుప్పెడంత ఉండే జంతువు, కుందేలుకి చుట్టం. వెస్ట్ మరూన్ లోయ మెల్లగా ఎక్కుతుంది, ఎక్కుతున్నామని తెలియనంత మెల్లగా. వదిన ఒకటే నియమం పెట్టింది: "పూర్తి వాక్యం మాట్లాడలేకపోతే నడక." తను ఆసుపత్రిలో నర్సు. ఆమె నియమాలకు అప్పీలు ఉండదు. ట్రైల్ రన్నింగ్ అనగానే కొండ మీదకి పరిగెత్తుతారని బంధువులు అనుకుంటారు. నిజానికి ఎక్కుడంతా చేతికర్రల మీద భారం వేసి విసురుగా నడవడమే. పరుగు సమతలంలోనూ దిగుడులోనూ.

12,500 అడుగుల వెస్ట్ మరూన్ పాస్ ఏడింటికి దాటాం. అవతలి వాలు చూశాక ఈ పరుగుని ఎందుకు ఈ వారంలోనే పెట్టుకున్నామో నాకు నేనే గుర్తుచేసుకోనక్కర్లేకపోయింది. కొండంతా పూలు. ఎర్రటి ఇండియన్ పెయింట్‌బ్రష్, ఊదా లూపిన్, 1899 నుంచి కొలరాడో రాష్ట్ర పుష్పమైన నీలి కొలంబైన్. కొన్నిచోట్ల నడుము దాకా వచ్చి, మంచు తడితో షార్ట్స్ తడిపేశాయి.

రెండోది ఫ్రిజిడ్ ఎయిర్ పాస్, 12,415 అడుగులు. ఆఖరి వంద గజాలు నిలువునా ఉంటుంది. పైకెక్కితే మరూన్ బెల్స్ వీపు కనిపిస్తుంది. క్యాలెండర్లలో రాని వైపు. ఇనుము తుప్పుతో ఎరుపెక్కిన మట్టిరాయి అది, పొరలు పొరలుగా ఊడొస్తుంది. 1965లో ఒక్క ఏడాదే ఎనిమిది మంది ఈ శిఖరాల మీద చనిపోయారు. మా దారి శిఖరాల జోలికి పోదు కాబట్టి ఆ భయం లేదు. మా భయం వేరు.

ఇక్కడే ఆగి లెక్క చూసుకోవాలి. ఈ కనుమ మీద నిలబడి వెనక్కి తిరిగితే దాటాల్సింది ఒక్క కనుమే. ముందుకి దిగితే రెండు. దిగాక కాలు బెణికినా, కడుపు చెడినా, ఇంటికి వెళ్లాలంటే ఏ వైపైనా మళ్లీ కొండెక్కాల్సిందే. కిందకే పోతూ ఉంటే క్రిస్టల్, మార్బుల్ అనే ఊళ్లవైపు తేలతాం. అక్కడి నుంచి ఆస్పెన్‌కి రోడ్డు కొండలన్నీ చుట్టి వస్తుంది. ఫోన్ సిగ్నల్ పొద్దున్నే పోయింది. వదిన ఆకాశం చూసింది, గడియారం చూసింది, నా మొహం చూసింది.

"తల నొప్పిగా ఉందా?"

"లేదు వదినా."

"అబద్ధం కాదుగా?"

"కాదు."

"పద అయితే."

ఫ్రావర్ట్ బేసిన్ దిగుడు ఈ చుట్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. మెత్తటి నేల, గడ్డి మైదానం, పక్కనే జలపాతం. కాళ్లు వాటంతట అవే పరిగెత్తాయి. రెండు వేల అడుగులు దిగిపోతున్నామనీ, దిగిన ప్రతి అడుగూ మళ్లీ ఎక్కాలనీ ఆ కాసేపు ఎవరు తలుచుకుంటారు? నార్త్ ఫోర్క్ క్రిస్టల్ నది దగ్గర బూట్లు విప్పకుండానే నీళ్లలోకి దిగాం. కరిగిన మంచు చలికి పాదాల్లో అలసట ఒక్కసారిగా పోయింది. అక్కడే ఫిల్టరు సీసాలు నింపుకున్నాం. నీళ్లు ఎంత తేటగా ఉన్నా జియార్డియా భయంతో వడకట్టకుండా తాగరు.

ఆ తర్వాత ట్రైల్ రైడర్ పాస్. దీని గురించి మంచిగా చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఎండ, రాళ్లు, మెలికల మీద మెలికలు. పైన కనిపించే అంచే కనుమ అనుకుంటే దాని వెనక మరో అంచు. ఎనర్జీ జెల్ నోట్లో పెట్టుకోగానే వాంతి వచ్చినంత పనైంది. నాకు ఆ క్షణంలో ఉప్పు తప్ప ఇంకేదీ గుర్తురాలేదు. 12,420 అడుగుల పైకి చేరాక వదిన నన్ను కూర్చోనివ్వలేదు. మడమకి బొటనవేలు ఆనించి గీత గీసినట్టు పది అడుగులు వేయమంది. మెదడుకి నీరు పడితే మొదట తప్పేది ఆ నడకే. తూలకుండా వేశాను. "ఒట్టి ఆకలి," అని తేల్చి చెప్పింది.

కనుమకి అవతల, దాదాపు 1,400 అడుగుల దిగువన, స్నోమాస్ సరస్సు నీలంగా కనిపించింది. దిగి దాని ఒడ్డుకి చేరేసరికి పన్నెండుంపావు. పడమటి నుంచి మబ్బు కమ్ముతోంది. ఇంకా బక్‌స్కిన్ మిగిలింది, 12,462 అడుగులు, అంటే 1,500 అడుగుల ఎక్కుడు, అందులో పై సగం ఒక్క చెట్టు లేని వాలు. ఉరుము వినిపించగానే వదిన దట్టమైన చెట్ల మధ్య చోటు చూసి సంచి దించింది. ఇద్దరు కుర్రాళ్లు మమ్మల్ని దాటుకుని పరుగున పైకి వెళ్లారు. వాళ్లకేమీ కాలేదు, తర్వాత చూశాం. అయినా వాళ్లు చేసింది ఒప్పని నేననను.

జాకెట్లు తొడుక్కుని గంటకు పైగా కూర్చున్నాం. వడగళ్లు పడ్డాయి. వదిన జిప్ కవరు తీసింది: పులిహోర. నిమ్మకాయది కాదు, చింతపండుది, ఇంగువ వేసినది. చల్లారి గట్టిపడిపోయింది. ఇద్దరం వేళ్లు నాకేదాకా తిన్నాం. మా పక్కన గుడారం వేసుకున్న పెద్దాయన వాసనకి తొంగిచూస్తే ఆయన చేతిలోనూ ఓ ముద్ద పెట్టింది. కారానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఇంకొంచెం అడిగాడు.

ఆఖరి ఉరుము ఆగాక అరగంట చూసి కదిలాం. బక్‌స్కిన్ ఎక్కుడు అనుకున్నంత హింస పెట్టలేదు. కడుపులో ఉప్పూ పులుపూ పడ్డ మహిమో, మబ్బు వల్ల ఎండ లేకపోవడమో. పైన గాలికి నిలబడలేకపోయాం. పిరమిడ్ పీక్ ఎదురుగా తడిసి మెరుస్తోంది. అక్కడి నుంచి మిన్నెహాహా లోయ గుండా సరస్సు దాకా 2,900 అడుగుల దిగుడు. తొడలు వణికాయి, గోళ్లు బూటు ముందు అంచుకి కొట్టుకున్నాయి. క్రేటర్ లేక్ దగ్గర పొద్దుటి రాళ్లే మళ్లీ ఎదురయ్యాయి, ఈసారి వాటి మీద పిల్లలూ తాతలూ ఐస్‌క్రీం రంగు గొడుగులూ.

కారు దగ్గర బూట్లు విప్పుతుండగానే వదిన మొదలుపెట్టింది. "ఈసారి ఎదురు వైపు నుంచి వెళ్దాం. బక్‌స్కిన్ పొద్దున్నే అయిపోతుంది."

"అప్పుడు మబ్బు వేళకి వెస్ట్ మరూన్ మిగులుతుంది కదా? ఎటు తిరిగినా నాలుగోది మధ్యాహ్నానికే. గంట ముందు బయలుదేరితే తప్ప."

"మూడున్నరకా?" అంది సాక్సు పిండుతూ. "అయితే పులిహోర నువ్వు చెయ్యి."