కట్టు కట్టిన చోటే చూస్తే

ఆటల పోటీల కంటే ఆటగాళ్ళ వేలమే నాకు ఎక్కువ పాఠాలు చెప్పింది. పలమనేరు చుట్టుపక్కల బడుల్లో డ్రిల్లు అయ్యవారిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. పిల్లల నడక చూసి, ఎవడు ఏ ఆటకు పనికొస్తాడో చెప్పడంలోనే నా జీవితం గడిచింది. అందుకే టీవీలో వేలం నడుస్తుంటే ఎవరు ఎన్ని కోట్లకు పోయారన్నది నాకు పెద్దగా పట్టదు. దెబ్బ తిని లేచినవాడికి ఎవరు ఎంత పెడుతున్నారు, ఎన్నాళ్ళకు రాయించుకుంటున్నారు అన్నదే చూస్తాను. మనిషి ఒంటి మీద మనిషి కట్టే లెక్క అక్కడే బయటపడుతుంది.

మన తెలుగు టైటాన్స్ కబడ్డీ జట్టునే తీసుకోండి. 2019లో సిద్ధార్థ్ దేశాయ్ అనే రైడర్‌ను 1.45 కోట్లకు కొన్నారు. 2021 వేలంలో 1.30 కోట్లు పెట్టి మళ్ళీ తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ సీజన్ మొదట్లోనే అతని భుజం దెబ్బతింది. మూడు మ్యాచులతో అతని ఆట ముగిసింది. 22 మ్యాచుల్లో జట్టు గెలిచింది ఒక్కటే. మరుసటి ఏడు అదే జట్టు అతన్ని 20 లక్షలకు తీసుకుంది. 2023లో హర్యానా స్టీలర్స్ కోటి రూపాయలకు పాడుకుంది. నాలుగేళ్ళలో ఒక్క మనిషి ధర ఇన్ని మెట్లు దిగి ఎక్కిందంటే, వేలం పాటలో పలికేది భుజం బలం కాదు, దాని మీద ఇతరులకున్న భయం.

మరో రైడర్ పవన్ సెహ్రావత్ కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. బెంగళూరు జట్టులో ఉన్నప్పుడు మా వైపు పిల్లలకు అతను సొంత ఊరి మనిషి లెక్క. పలమనేరు నుంచి బెంగళూరు మూడు గంటల దారే కదా, విశాఖపట్నం కంటే అదే మాకు దగ్గర. 2022లో తమిళ్ తలైవాస్ అతనికి 2.26 కోట్లు పెట్టింది. అప్పటికి అదే రికార్డు. తొలి మ్యాచులోనే, అదీ బెంగళూరులోనే, ప్రత్యర్థిని పట్టబోయి మోకాలు పోగొట్టుకున్నాడు. సీజనంతా బయటే. ఏడాది తిరిగేసరికి ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఆ వెంటనే జరిగిన వేలంలో టైటాన్స్ 2.605 కోట్లు పోసి కొత్త రికార్డు పెట్టింది.

ఆ రోజు అందరి నోటా ఒకటే ప్రశ్న, ‘మోకాలు ఆగుతుందా?’ అని. మోకాలు ఆగింది. అతను 200 రైడ్ పాయింట్లు దాటాడు. జట్టు మాత్రం అట్టడుగునే మిగిలింది. ఎందుకంటే ఆ ఏడు ఒక్కో జట్టు చేతిలో ఉన్న డబ్బే 5 కోట్లు. అందులో సగానికి పైగా ఒక్కడి మీద పెడితే, వాడు ఔటై గీత బయట కూర్చున్నప్పుడు కూతకు పోయేదెవరు? వెనక కోటను కాచేదెవరు? దేశమంతా మోకాలి గురించి వాదించుకుంటే, నష్టం పర్సులోంచి వచ్చింది.

ఇది కబడ్డీ కాబట్టి ఆ నష్టం ఒక సీజనుతో సరిపోయింది. ఉత్తర అమెరికాలో మంచు మీద ఆడే హాకీలో అలా కాదు. అక్కడి ఎన్‌హెచ్‌ఎల్ అనే లీగులో జట్లు ఒక్కో ఆటగాడికి ఆరేడేళ్ళకు రాసిస్తాయి. ఆడుతూ గాయపడి మళ్ళీ దిగలేకపోయినా రాసిన జీతం ఇచ్చి తీరాలి. నేథన్ హార్టన్ అనే ఆటగాడి వ్యవహారం నేను చాలాసార్లు తలచుకునే సంగతి. 2011లో బోస్టన్ బ్రూయిన్స్ స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆ జట్టులో ఉన్నవాడు. 2013 జులైలో కొలంబస్ బ్లూ జాకెట్స్ అతన్ని ఏడేళ్ళకు 3 కోట్ల 71 లక్షల డాలర్లకు రాయించుకుంది. అప్పుడతనికి 28 ఏళ్ళు. భుజం దెబ్బతిని ఉంది, శస్త్రచికిత్స కావాలి, సీజన్ సగం పోతుంది. ఇదంతా తెలిసే సంతకం చేశారు.

భుజం అనుకున్నట్టే బాగుపడింది. 2014 జనవరిలో బరిలోకి దిగాడు. 36 మ్యాచులు ఆడాడు. ఆ తర్వాత నడుం దెబ్బ తీసింది. వెన్నెముక కింది భాగం అరిగిపోయి మళ్ళీ ఆటకు రాలేదు. ఆ ఒప్పందానికి బీమా కూడా లేదు. 2015 ఫిబ్రవరిలో అతన్ని టొరంటోకు ఇచ్చేసి, బదులుగా వేరే ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. ఆడలేనివాణ్ణి ఎవరు తీసుకుంటారని మీకు అనుమానం రావచ్చు. ఆ లీగులో జట్టు మొత్తం జీతాలకు ఒక పరిమితి ఉంటుంది. అప్పటి నియమాల ప్రకారం దీర్ఘకాలం గాయంతో ఉన్నవాడి జీతం మేరకు ఆ పరిమితి దాటే వెసులుబాటు ఉండేది. డబ్బున్న జట్టుకు అలాంటి పేరు కాగితం మీద ఉన్నా బరువు కాదు.

మా పలమనేరు పశువుల సంతలో ముదురు బేరగాడు ఎద్దు కుంటి కాలిని తనే ముందుగా చూపిస్తాడు. ‘చూడన్నా, దాపరికం లేదు, గిట్టలో ముల్లు దిగింది, వారంలో మానిపోతుంది’ అంటాడు. కొనేవాడు ఆ గిట్ట దగ్గరే కూర్చుని గంటసేపు బేరమాడి, వెయ్యి తగ్గించానని మురిసిపోయి, పళ్ళు పట్టి చూడకుండా తోలుకుపోతాడు. కొలంబస్‌లో ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. అయినా జరిగింది అదే. లెక్కంతా భుజానికి కట్టారు, ఏడేళ్ళు మొత్తం ఒంటికి రాసిచ్చారు.

గాయం లేనివాడికి రాస్తే మాత్రం క్షేమమా అంటే అదీ లేదు. న్యూయార్క్ ఐలాండర్స్ జట్టు 2006లో రిక్ డిపియెత్రో అనే గోల్‌కీపర్‌కు ఏకంగా 15 ఏళ్ళకు రాసిచ్చింది. ఆ తర్వాత తుంట్లు, మోకాళ్ళు వరుసగా మొరాయించాయి. 2013లో ఒప్పందం రద్దు చేసుకుని, ఏడాదికి 15 లక్షల డాలర్ల చొప్పున 2029 దాకా చెల్లించేలా తెంచుకున్నారు. ఆ జట్టుకు ఆడటం మానేసి ఏళ్ళు గడిచినా జీతం మాత్రం నడుస్తూనే ఉంది.

ఇవన్నీ విన్నాక దెబ్బ తిన్నవాణ్ణి అసలు నమ్మకూడదు అనేవాళ్ళున్నారు. వాళ్ళకు నేను పుల్లెల గోపీచంద్ పేరు చెబుతాను. 1994లో పుణేలో జాతీయ క్రీడల డబుల్స్ ఆడుతూ తోటి ఆటగాణ్ణి ఢీకొని మోకాలి లిగమెంట్ తెంచుకున్నాడు. అప్పటికి ఇరవై ఏళ్ళవాడు. శస్త్రచికిత్స ఒకటితో పోలేదు. ఆ రోజు ఆసుపత్రి మంచం పక్కన ఎవరైనా ఏడేళ్ళ ఒప్పందం పట్టుకుని నిలబడి ఉంటే పిచ్చివాడనేవాళ్ళం. సరిగ్గా ఏడేళ్ళకు, 2001 మార్చిలో, ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ ఫైనల్లో చెన్ హాంగ్‌ను ఓడించాడు. ఇద్దరి కథలోనూ ఏడేళ్ళే. హార్టన్‌కు మొదటి ఏడాదిలోనే ఆట అయిపోయింది, గోపీచంద్‌కు పండింది చివరి ఏడాదిలో. తొలి రోజున ఇద్దర్నీ చూసి ఇది తేల్చగల డాక్టరు లేడు, వేలం పాడేవాడూ లేడు.

తేల్చలేని దానికి ఒప్పందం ఎలా రాయాలి? ఇది నాకు దగ్గరగా తెలిసిన ఒక కుర్రవాడి వల్ల బోధపడింది.

పుంగనూరు దగ్గర ఒక పల్లె. బడిలో నా చేతి కింద కబడ్డీ నేర్చుకున్నవాడు. సంక్రాంతి పోటీల్లో మోకాలు తిరిగిపోయింది. వాళ్ళ నాయన మొదట పుత్తూరు కట్టుకు పోదామన్నాడు. మా జిల్లాలో ఎముక విరిగితే అందరి కాళ్ళూ అటే నడుస్తాయి. గుడ్డు సొన, ఆకు పసరు, వెదురు బద్దలు, గుడ్డ కట్టు. కానీ వీడికి ఎముక విరగలేదు. వేలూరులో తీయించిన ఎమ్మారై ఫిల్మును మా వరండాలో ట్యూబులైటుకు ఎత్తి పట్టుకుని, ‘తెగింది ఎక్కడుంది అయ్యోరా?’ అని ఆ పెద్దాయన నన్నడిగాడు. నాకూ నలుపూ తెలుపూ తప్ప ఏమీ కనబడలేదు. కింద రాసిన రిపోర్టు చదివి చెప్పాను. ఆపరేషన్ అయింది. ఏడాది దాకా వాడు కూతకు పోలేదు.

మళ్ళీ ఆడటం మొదలుపెట్టాక, కుప్పం అవతల కర్ణాటక నుంచి ఒకాయన వచ్చాడు. ఊరూరా టోర్నమెంట్లకు జట్టును తిప్పేవాడు. మూడేళ్ళకు రాసిస్తే నెలనెలా జీతం, గెలిస్తే వాటా అన్నాడు. తండ్రీ కొడుకూ కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చారు. చదివితే అన్నీ ఉన్నాయి. దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిదన్న ముక్క మాత్రం లేదు. ఆయన్ను పిలిపించి అడిగాను. మంచి మనిషే, కాదనలేదు. పెన్ను తీసి అక్కడికక్కడే ఒక వాక్యం రాశాడు. మోకాలికి మళ్ళీ దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు జట్టుదే అని.

‘మోకాలికేనా?’ అన్నాను.

‘వీడికి పోయింది మోకాలే కదా సార్!’ అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

భుజం, మెడ, మడమ, నడుం అని వేళ్ళు మడిచి చూపించాను. ఆయన కాసేపు నా వేళ్ళ వంకే చూసి, మోకాలికి అన్న మాట కొట్టేశాడు. నెల జీతంలో కొంత తగ్గించుకుంటామని మేమూ ఒప్పుకున్నాం. మూడేళ్ళను ఏడాదికి కుదించి, ఆ తర్వాత ఇద్దరికీ ఇష్టమైతే మళ్ళీ రాసుకునేట్టు మార్చాం. కుర్రవాడు ఆ ఏడు బాగానే ఆడాడు, ఏ ప్రమాదమూ జరగలేదు. ఆ వాక్యంతో పని పడలేదు. పడకపోయినా అది ఉండాల్సిన వాక్యమే.

నేను నేర్చుకున్నదీ ఇదే. కట్టు కట్టిన చోటును అందరూ చూస్తారు. దానికి ధర తగ్గిస్తారు, షరతు పెడతారు. కొంప ముంచేది ఎక్కువసార్లు ఎవరూ చూడని చోటు. హార్టన్‌కు అది నడుం, టైటాన్స్‌కు పర్సు. కాబట్టి గాయపడినవాడితో రాసుకునే కాగితంలో రెండు గడువులు వేర్వేరుగా ఉండాలి. ఆటకు గడువు పొట్టిగా ఉండాలి, ఏడాదికోసారి ఒళ్ళు చూసుకుని పొడిగించుకోవాలి. వైద్యానికి, పొట్టకూటికి ఇచ్చే హామీ పొడుగ్గా ఉండాలి. ఎన్‌హెచ్‌ఎల్ ఈ రెంటినీ ఒకే ఒప్పందంలో కలిపి కట్టింది. ఆటగాడికి అది మేలే, జట్టుకు మాత్రం ఏళ్ళ తరబడి భారం.

మన క్రికెట్ బోర్డు పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చింది. రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో చావు తప్పి బయటపడ్డాడు. 2023 మార్చిలో కాంట్రాక్టుల జాబితా వచ్చేనాటికి అతను ఆటకు దూరంగా ఉన్నాడు. అయినా 5 కోట్ల ‘ఎ’ శ్రేణిలోనే ఉంచారు. మరుసటి ఏడు ‘బి’లో వేశారు. ఆ కాంట్రాక్టులు ఏటేటా రాసేవి కనుక కష్టకాలంలో వదల్లేదు, భవిష్యత్తును తాకట్టూ పెట్టలేదు.

మైదానంలో ఆడే మన హాకీలో ఈ పొడుగు హామీ ఇంకో రూపంలో ఉండేది. ఉద్యోగం. రైల్వేలు, విమాన సంస్థలు, పోలీసు శాఖలు ఆటగాళ్ళను చేర్చుకునేవి. మోకాలు పోయినా బల్ల దగ్గర కుర్చీ ఉండేది. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. మళ్ళీ 2024 డిసెంబరులో గానీ మొదలవలేదు. మధ్యలో ఆ లీగును నమ్ముకున్నవాడి గతేమిటి? ఉద్యోగం ఉన్నవాడు నిలబడ్డాడు. మా పాత చిత్తూరు జిల్లా యర్రావారిపాళెం మండలం నుంచి గోల్‌కీపర్‌గా ఎదిగి టోక్యో ఒలింపిక్స్ దాకా వెళ్ళిన రజనికి 2021లో రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల నగదు, తిరుపతిలో ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగంతో పాటు నెలకు 40 వేలు ప్రకటించింది. వీటిలో నాకు అన్నిటికన్నా తెలివైనదిగా తోచింది నెలనెలా ఇచ్చే ఆ మొత్తమే. దండ ఒక రోజుకు, నెల భత్యం ప్రతి నెలకూ.

ఒలింపిక్స్ దాకా వెళ్ళేవాళ్ళు ఒకరిద్దరు. మిగిలినవాళ్ళంతా పండగ పోటీల్లో, పొద్దుగూకాక ఫ్లడ్ లైట్ల కింద మట్టి కోర్టు మీద ఆడేవాళ్ళే. పలమనేరు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పోటీలు పెట్టే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఫ్లెక్సీ మీద మొదటి బహుమతి అంకె వేసే ముందు, అందులోంచి కొంత పక్కకు తీసి, ఆ పోటీల్లో దెబ్బ తగిలినవాడి వైద్యానికని అదే ఫ్లెక్సీ మీద రాయించండి. ఏ అవయవానికి అని మాత్రం రాయించకండి.