బుడ్డల పొడి

ఇంటర్నల్స్ అయిపోయిన రోజు ఏడుగురం కౌల్ బజార్‌లో ఒక చిన్న హోటల్‌కు భోజనానికి వెళ్లాం. మా ఇల్లు ఆ పక్కనే కాబట్టి పెద్దరికం నాదే. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసిందని పుస్తకాల్లో చదువుతాం గానీ, మా బజారులో ఇప్పటికీ ఆర్డరు కన్నడంలో, పోట్లాట తెలుగులో, బిల్లు దగ్గర ఉర్దూ. ఉగ్గాని, మిరపకాయ బజ్జి, ఉర్లగడ్డ బోండా చెప్పాం. తర్వాత కొందరు పలావు, ఐస్‌క్రీం.

తింటుండగా ఒకమ్మాయి ఫోన్లో పెరూ హోటల్ వీడియో పెట్టింది. లిమా ఊళ్లో పెద్ద బల్ల, మధ్యలో పళ్లాలు, అందరి చేతులూ అన్నిట్లో. నిమ్మరసంలో నానేసిన పచ్చి చేప ముక్కలు చూసి "ఛీ" అన్నాం. దాని పేరు సెవిచేనట. ఉడికిన ఉర్లగడ్డ మీద మిరపకాయ, చీజు కలిపి నూరిన పచ్చటి గుజ్జు పోసేసరికి "ఇది మనదే కదే!" అని అరిచాం. నిజానికి మనదే వాళ్లది. ఉర్లగడ్డ మొదట పండింది ఆ ఆండీస్ కొండల్లోనే. మిరపకాయ కూడా ఆ అమెరికా ఖండాల నుంచే పోర్చుగీసు ఓడల్లో మనకొచ్చింది. ఆ రెండూ తీసేస్తే మా ఉగ్గాని పక్కన నంజుకోడానికి ఏమీ ఉండదు.

ఈ నవ్వుల్లో ఒకామె సరిగా తినడం లేదని నేను గమనించలేదంటే అబద్ధం. గమనించాను. ఒక్క ప్లేటు ఉగ్గాని తీసుకుని, కడుపులో బాగాలేదంది. బిల్లు 840 రూపాయలు. నేనే లెక్క వేశా, తలా 120. ఆమె పర్సులోంచి పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చింది. తీసుకున్నాను. అందరం ఆటో ఎక్కాం. ఆమె మాత్రం దారిలో పనుందని నడిచి వెళ్లింది.

రాత్రిపూట వాళ్లింట్లో జీన్స్ ప్యాంట్లకు దారాలు కత్తిరిస్తారు. ప్యాంటుకు ఇంత అని కూలి. మా సందులోనూ ఎన్నో ఇళ్లలో అదే పని. మా అమ్మ కూడా కొన్నాళ్లు చేసింది. 120 రూపాయలంటే ఎన్ని ప్యాంట్లో నాకు లెక్క తెలుసు. తెలిసి కూడా సమానం అంటే న్యాయమే కదా అనుకున్నాను.

రెండు వారాల తర్వాత అందర్నీ మా ఇంటికి పిలిచాను, ఎవరింటి నుంచి వాళ్లొక డబ్బా తేవాలని. ఆమె జొన్నరొట్టెలు, బుడ్డల పొడి తెచ్చింది. ముందు ఖాళీ అయింది ఆ డబ్బానే. గిన్నె అంచుకు అంటిన పొడిని కూడా వేలితో తీశాం. అప్పుడే లైబ్రరీలో చదివింది చెప్పాను. 1987లో పెరూలోని సిపాన్ దగ్గర వాల్టర్ ఆల్వా అనే ఆయన బృందం ఒక పాతకాలపు దొర సమాధి తవ్వితే, అందులో హారం దొరికింది. పూసలు బుడ్డకాయల ఆకారంలో, ఒకవైపు బంగారువి, ఇంకోవైపు వెండివి. బుడ్డలు పుట్టింది కూడా ఆ దక్షిణ అమెరికాలోనే మరి.

"ఏమే, మా నాయనమ్మ చేన్లో వంగి ఏరింది బంగారమా?" అని ఆమె గట్టిగా నవ్వింది.

అందరూ వెళ్లాక 80 రూపాయలు ఆమె చేతిలో పెట్టబోయాను. ఉగ్గానికి 40 పోగా మిగిలింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఆ పొద్దు నేనూ మీతో సమానంగా కట్టినా కదా. అది తీసేయొద్దు" అంది.

నాకు జవాబు దొరకలేదు. ఆ డబ్బు ఇంకా నా నోట్‌బుక్కులోనే ఉంది. ఇది గోడకు పెట్టే ముందు ఆమెకే చదివి వినిపించాను. "పేరు రాయొద్దు. పొడి బాగుండెనని మాత్రం రాయి" అంది.

చాలా బాగుండె.