‘అర్థం కానిది’ అనే గడి

కరోనా కాలంలో బడి మూతపడ్డాక సర్కారు బడులు పిల్లలకు చదువు ఎలా అందించాయో కాగితాల్లో చూడాలని మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక ఊరి జడ్పీ హైస్కూలుకు వెళ్లాను. హెడ్మాస్టర్ గారు బీరువాలోంచి పొడుగాటి రిజిస్టరు ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్ల ద్వారా పాఠాలు మొదలైంది 2020 సెప్టెంబర్ 1న. రిజిస్టరు కూడా ఆ వారంలోనే మొదలైంది. ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి కొట్టిన గీతలు. నాలుగు గడులు: పేరు, టీవీ ఉందా, ఫోను ఎవరి దగ్గరుంటుంది, అర్థం కానిది. మొదటి మూడూ పైఅధికారులు అడిగిన వివరాలు. నాలుగోది ఎవరూ అడగలేదు, లెక్కల టీచర్ గారు తనంతట తానే చేర్చుకున్నారు. ఒక అమ్మాయి పేరు పక్కన ‘పక్కింటి టీవీ’ అనీ, ‘ఫోను నాన్నతో చేనుకు పోతుంది’ అనీ ఉంది. చివరి గడిలో ‘సంవర్గమానాల దగ్గర ఆగింది, మళ్లీ చెప్పాలి’ అని రాసి ఉంది. దాని కిందే వేరే సిరాతో తేదీ, ఒక టిక్కు.

చదువు తెర మీదికి మారినప్పుడు పోయింది పాఠం కాదని ఆ నాలుగో గడి చూస్తే తెలుస్తుంది. పాఠం టీవీలో వచ్చింది, యూట్యూబ్‌లో నిలిచింది, తప్పిపోయినవాళ్లు మళ్లీ చూసుకునే వీలూ ఉంది. పోయిందల్లా పాఠం ఎవరికి ఎక్కలేదో పంతులుకు తెలిసే దారి. తరగతి గదిలో ఆ ఎరుకకు పరీక్ష అక్కర్లేదు, పిల్లల ముఖాలు చూస్తే చాలు. తెరకు అవతల ముఖం కనిపించదు. తెలిసే ఆ దారిని మళ్లీ ఏదో ఒక తీరున కట్టుకున్న చోట చదువు నిలబడింది. కట్టుకోని చోట ప్రసారం మాత్రమే సాగింది. మన దగ్గర ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1975-76లో ఉపగ్రహం ద్వారా గ్రామాలకు పాఠాలు పంపిన సైట్ ప్రయోగం ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లలో జరిగింది, ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, తెలుగు ఆ ప్రసార భాషల్లో ఒకటి. అప్పుడు పిల్లలు టీవీని బడిలో కూర్చుని చూశారు, పక్కన పంతులు ఉన్నారు. 2020లో టీవీ ఇంట్లో ఉంది, పంతులు లేరు.

టీవీని ఎంచుకోవడమే తప్పని నేను అనను. ప్రథమ్ సంస్థ అసర్ సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో బడిలో చేరిన పిల్లల ఇళ్లలో స్మార్ట్‌ఫోను ఉన్నవి 2018లో 36.5 శాతం, 2020 నాటికి 61.8 శాతం. అంత పెరిగినా మూడో వంతుకు పైగా ఇళ్లకు స్మార్ట్‌ఫోను లేదు, ఉన్న ఇంట్లోనూ అది పగలంతా తండ్రి జేబులోనే. అలాంటప్పుడు టీవీ చేరినంత దూరం మరేదీ చేరదు. టీవీ లేని పిల్లలను పక్కింటికో గ్రామ పంచాయతీ ఆఫీసుకో జతచేయడం కూడా మంచి ఆలోచనే. అయితే చేరడం వేరు, ఎక్కడం వేరు. 2020లో పరీక్షలు పూర్తికాకుండానే పది పాసైన పిల్లల సంగతే తీసుకోండి. వాళ్ల ఇంటర్ మొదటి ఏడాది చాలావరకు టీవీ పాఠాలతోనే గడిచింది. వాయిదా పడ్డ మొదటి ఏడాది పరీక్షలు 2021 అక్టోబర్‌లో, అంటే రెండో ఏడాదిలోకి వచ్చాక పెట్టారు. సుమారు 4.59 లక్షల మంది రాస్తే పాసైంది 49 శాతం. చివరికి తప్పినవాళ్లందరికీ కనీస మార్కులు వేసి ప్రభుత్వం గట్టెక్కించింది.

దానికి టీవీ పాఠాలనే తప్పుపట్టడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. బతుకుతెరువు పోయిన ఇళ్లు, రోగభయం, మారిన పరీక్షల వేళలు, ఇవన్నీ కారణాలే, కాదనను. నా బాధ ఆ శాతం గురించి కూడా కాదు. సగం మందికి చదువు ఎక్కలేదన్న సంగతి రాష్ట్రానికి తెలియడానికి ఏడాదికి పైగా పట్టింది, అదీ పరీక్ష పెట్టాక. ఈ ఊరి రిజిస్టరులో ఒక్కో పిల్ల ఎక్కడ ఆగిందో మూడో వారానికే ఉంది. ఇంకో ఆక్షేపణ మరింత బలమైనది: ఎవరు ఎక్కడ ఆగారో తెలుసుకోవడానికి ఇంటింటికీ వెళ్లమంటే టీచర్ల ప్రాణాలతో చెలగాటం కాదా? అవును, ఆ రోజుల్లో అలా ఆదేశించే హక్కు ఎవరికీ లేదు. అయితే ఈ రిజిస్టరులో చాలా రాతలు ఫోన్లో మాట్లాడి రాసినవి. మామూలు ఫోనుకు చేసి, సాయంత్రం తండ్రి చేనునుంచి వచ్చాక పిల్లను పిలిపించి రెండు ప్రశ్నలు అడగడం. మిగతావి వర్క్‌షీట్ల మీద పట్టుకున్నవి. ఒక వర్క్‌షీటులో పైసగం చిన్నపిల్ల రాత, కిందిసగం ముత్యాల్లాంటి పెద్దక్షరాలు. పక్కన టీచర్ గారు ‘అక్క రాసింది, కిందివి మళ్లీ’ అని పెన్సిలుతో రాశారు. ఈ పని ఎవరి లెక్కలోకీ ఎక్కలేదు. ఎంతమంది టీవీ చూశారన్న సంఖ్య రోజూ పైకి పోయింది, ఎంతమంది ఎక్కడ ఆగారన్నది ఆ బీరువాలోనే ఉండిపోయింది.

2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు బళ్లు తెరిచారు. పదో తరగతి పేజీల్లో ఆ తేదీ తర్వాత రాతల్లేవు. చివరన కొన్ని పేజీలు మాత్రం ఈ ఏడాదివి. పత్తి తీతలకు పోయి వారాల తరబడి బడికి రాని పిల్లల పేర్లు, అవే ఎర్రగీతలు, రెండే గడులు. టీవీ గడి, ఫోను గడి తీసేశారు.